డెల్మీరా వేసిన దెబ్బ

ఆ పొద్దున డెల్మీరా వేసుకున్న లెక్క చాలా చిన్నది. హౌహా పట్నం పక్కనున్న ఈ కొండపల్లెలో కార్నివాల్ చెట్టు దగ్గర నాలుగు పాటలు పాడాలి, ఒక్క గిన్నె పులుసు తాగాలి, నాలుగు గంటల బస్సెక్కి ఇంటికి పోవాలి. నిజానికి పాడాల్సింది రోసాల్బా. పోస్టర్ మీద చెయ్యంత అక్షరాలతో ఆవిడ పేరే ఉంది. ఆవిడ గొంతు పట్టేస్తే డెల్మీరాకు కబురొచ్చింది. పదకొండేళ్ళుగా ఎవరికో ఒంట్లో బాగోకపోతేనే పాడుతున్న మనిషి. ఒక్కసారైనా తన పేరు గోడమీద చూసుకోవాలని ఆమెకు మహా ఆశ.

"ఎవరన్నా రోసాల్బా అని పిలిస్తే ఊరికే నవ్వెయ్ తల్లీ," అని ఈ ఏడు పండగ జరిపిస్తున్న పెద్ద, సీరిలో అనే ఆయన, బతిమాలాడు. "ఇక్కడ ఆవిణ్ణి రేడియోలో విన్నవాళ్ళేగానీ చూసినవాళ్ళు లేరు. బదులు మనిషిని తెచ్చానని తెలిస్తే నన్ను నంజుకు తింటారు."

డెల్మీరా నవ్వింది. అక్కడే వచ్చింది చిక్కు.

నవ్వుతోందంటే ఇంకా కావాలనుకుని మొదటి ఇంటావిడ రెండో గిన్నె పులుసు పోసింది. పక్కింటావిడకు రోషం పొడుచుకొచ్చింది. "వాళ్ళింట్లో రెండు గిన్నెలు తాగి, మా ఇంట్లో గినీపంది వేపుడు వద్దంటావా?" మూడో ఇంట్లో వేడిరాళ్ళ మధ్య పాతి వండిన మాంసం, దుంపలు, పైన మొక్కజొన్న కల్లు. ఈ ఊళ్ళో పళ్ళెంలో మిగల్చడమంటే ఆ ఇంటిని తిట్టడమే. పాటకు లేచేసరికి ఆమె ఒకదాని మీద ఒకటి తొడుక్కున్న ఆరు పావడాల హుక్కులూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నాయి. అయినా గొంతెత్తగానే ఊరు ఊరంతా నిలబడిపోయింది.

"రేడియోలో కంటే ఎదురుగానే బాగుందే ఈ గొంతు!" అని ఒక ముసలమ్మ మెచ్చుకుంది.

తర్వాత చెట్టు. కానుకలుగా కట్టిన దుప్పట్లు, బేసిన్లు వేలాడే ఆ చెట్టు చుట్టూ జంటలు ఆడుతూ తలా మూడు గొడ్డలి దెబ్బలు వేస్తాయి. ఎవరి దెబ్బకు పడితే ఆ జంటే వచ్చే ఏడు పండగ ఖర్చంతా నెత్తిన వేసుకోవాలి. అందుకే అందరివీ మర్యాద దెబ్బలే. జెనోబియో సంగతి ఇక చెప్పనక్కర్లేదు. లోయలో సగం దుంప పొలాలు ఆయనవే, పందులకు లెక్కే లేదు. తొమ్మిదేళ్ళుగా కోడిపెట్టను నిమిరినట్టు గొడ్డలి ఆడించి తప్పించుకుంటున్నాడు. ఈసారి నేరుగా గాయని దగ్గరికే వచ్చాడు.

"నాతో ఆడమ్మా రోసాల్బా! నీలాంటి సుకుమారి కొడితే చెట్టుకు చక్కిలిగింతలు కూడా పుట్టవు."

డెల్మీరా నవ్వి గొడ్డలెత్తింది. ఒక హుక్కు ఊడింది. రెండోదీ ఊడింది. జారుతున్న పావడాలను ఒడిసి పట్టుకోబోయి ఆమె ముందుకు తూలింది. మూడిళ్ళ భోజనం బరువంతా గొడ్డలి మీదకు దిగింది. చెట్టు ఫెళ్ళుమని నేలకొరిగింది.

"పడింది!" మైకు అరిచింది. "వచ్చే ఏటి పెద్దలు జెనోబియో, రోసాల్బా!"

పండగ చెయ్యడానికి డెల్మీరా దగ్గర ఏముంది గనక! సీరిలో వచ్చి ఆమె చెవిలో గుసగుసలాడాడు. "నోరెత్తకు. బరువంతా రోసాల్బా మీదకే పోతుంది. నువ్వు బస్సెక్కెయ్."

నిజమే, తేలిగ్గా బయటపడొచ్చు. కానీ పదకొండేళ్ళ పాటలు ఇతరుల ఖాతాలోకే పోయాయి, ఇప్పుడు చెట్టు కూడానా? ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఒక చేత్తో పావడాలు పట్టుకుని, రెండో చేత్తో మైకు లాక్కుంది.

"రోసాల్బా కాదు! పడగొట్టింది నేను! నా పేరు డెల్మీరా యౌరీ!"

జెనోబియో ఎగిరి గంతేశాడు. "చూశారా మోసం! మనిషే వేరు. ఈ దెబ్బ చెల్లదు!"

"మనిషి వేరైతే చెట్టు లేచి నిలబడుతుందా?" అంది పులుసు పోసిన ఇంటావిడ. "తొమ్మిదేళ్ళుగా ఊరంతా కలిసి నిన్ను పట్టలేకపోయాం. ఈ పిల్ల ఒక్క దెబ్బకు పట్టింది. పందులు నీవి, దుంపలు నీవి, పాట ఆమెది. ఇంకేం కావాలయ్యా?"

ఊరు గొల్లున నవ్వింది. డెల్మీరాను భుజాలకెత్తుకున్నారు. పావడాలు జారకుండా ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుని వెంట నడిచారు. నాలుగు గంటల బస్సు ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

మరుసటి జనవరిలో హౌహా గోడల మీద ఆ పేరు రెండుసార్లు పడింది, పండగ పెద్దగా ఒకసారి, గాయనిగా ఒకసారి. డెల్మీరా ప్రతి గోడ దగ్గరా ఆగి చదువుకుంది, ఆనందం పట్టలేక ఏడ్చింది కూడా. అప్పుడే రోసాల్బా ఫోన్ చేసింది. గొంతు బాగైందట, పండగ రోజు ఖాళీయేనట.

"నంబరు రాసుకున్నానండీ," అంది డెల్మీరా. "ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే కబురు పెడతాం."