కౌన్సిలరమ్మ మొగుడి మౌనవ్రతం

తమిళనాట గుడియాత్తంలో ఆ శుక్రవారం పొద్దున జయరాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య మోహన స్నానానికి వెళ్ళగానే నూలు కండెల బుట్ట అడుగున దాచిన పొగాకు పొట్లం తీయాలి. ఇంత చిటికెడు దవడన పెట్టుకోవాలి. ఆమె బయటికి వచ్చేలోగా వీధి కాలువలో ఉమ్మేసి, ఏమీ ఎరగనివాడిలా వచ్చి మగ్గంలో కూర్చోవాలి.

మామూలు రోజుల్లో అయితే ఇందులో పెద్ద ప్రమాదం లేదు. కానీ మోహన ఆ వార్డు కౌన్సిలరు. ఊరి ఎల్లలో నమిలే పొగాకు ఎవరూ అమ్మకూడదనీ, అమ్మితే అంగడి లైసెన్సు తీసేయాలనీ ఆమె పెట్టిన తీర్మానం ఆ రోజే నగరసభ ముందుకు వస్తోంది. ఆమె అన్న నందకుమార్‌కు ఈ పొగాకు వల్లే వేలూరు ఆస్పత్రిలో సగం దవడ తీసేశారు. ఇప్పుడు ఆ ఊరి పక్కనే బాగాయంలో తన ఇంట్లో కూర్చుని గంజి తాగి బతుకుతున్నాడు. ఆపరేషన్ అయిన రోజు జయరాములు అతని మంచం పట్టుకుని, ఇక జన్మలో పొగాకు ముట్టనని మాటిచ్చాడు. మోహన నమ్మింది. ఆ మాట ఇచ్చేటప్పుడు జయరాములు కూడా నమ్మాడు.

చాలా రోజుల ఆకలి మీద ఉండటంతో చిటికెడు కాస్తా గుప్పెడైంది. నోరు నిండా నీళ్ళూరాయి. ఉమ్ముదామని గబగబా కాలువ దగ్గరికి పోయేసరికి, సరిగ్గా కాలువకు అడ్డంగా, ఊరంతా తలైవర్ అని పిలిచే నగరసభ అధ్యక్షుడు రంగస్వామి కారు వచ్చి ఆగింది.

“ఏమప్పా జయరాములూ, బాగుండావా? చెల్లెలు మోహన రెడీగా ఉండాదా? కూర్చోబెట్టుకోని పోదామని వచ్చినా” అన్నాడు రంగస్వామి దిగుతూ.

“ఊఁ” అన్నాడు జయరాములు.

“ఏంది, నోట్లో మాటే రాదే. దవడ వాచినట్టుండాది. పంటినొప్పా?”

అవునంటే నోరు తెరిచి చూపించమంటాడు. జయరాములు అడ్డంగా తల ఊపాడు. రంగస్వామి అతని నుదుటి విభూది వైపు చూసి కాసేపు ఆలోచించాడు.

“ఓహో, ఈ దినం వెళ్ళిక్కిళమై, శుక్రవారం గదా. మౌన విరతమా?”

అంతకంటే మంచి కారణం జయరాములుకూ తోచలేదు. తల ఊపాడు.

“మోహన తీర్మానం గెలవాలనా?”

ఒకసారి ఊపిన తలకు రెండోసారి ఊపడం కష్టమేమీ కాదు.

తల తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చిన మోహన ఈ చివరి మాట విన్నది. ఎన్నికలప్పుడు ఆమె ఒక్కతే ఇంటింటికీ తిరిగింది. మగ్గం మీద లుంగీ పడుగు ఉందని జయరాములు వీధి దాటి రాలేదు. అట్లాంటి మనిషి తన కోసం నోరు కట్టుకున్నాడంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నాతో ఒక మాటన్నా చెప్పలేదు చూడన్నా” అంది రంగస్వామితో.

“చెప్తే అది మౌనం ఎట్లా అయితాదమ్మా? ఆయన్ను కూడా సభకు పిలుచుకోని పోదాం. నలుగురూ చూడాల్సిన మనిషి.”

జయరాములు మగ్గం వైపు చెయ్యి చూపించాడు. “మగ్గం యాడికీ పోదు, రాయ్యా” అని మోహన అతని చెయ్యి పట్టుకుని కారెక్కించింది. వెనక సీట్లో ఒక కిటికీ పక్కన రంగస్వామి, ఇంకో కిటికీ పక్కన మోహన, నడుమ జయరాములు. ఉమ్మడానికి ఎటూ దారి లేదు. కారు గుంతలో పడినప్పుడల్లా కాస్త గొంతులోకి జారింది. జారినప్పుడల్లా ఎక్కిళ్ళు వచ్చాయి.

“పొద్దున్నించీ ఏమీ తినలేదా? ఉపవాసం గూడానా?” అన్నాడు రంగస్వామి.

ఎక్కిలికి తల ఊగింది. దాన్ని అవుననే ఇద్దరూ అర్థం చేసుకున్నారు.

నగరసభలో జయరాములు కోసం ముందు వరసలో కుర్చీ వేశారు. రంగస్వామి స్వయంగా శాలువా కప్పాడు. ఎవరో ఫోటో తీస్తూ కొంచెం నవ్వమన్నారు. అది అతనివల్ల కాలేదు. కాఫీ వస్తే, ఆయన ఉపవాసమని మోహనే వెనక్కి పంపింది. అప్పటికి జయరాములుకు సభ మొత్తం మగ్గం మీది నాడెలా అటూ ఇటూ పోయి వస్తోంది.

తీర్మానం చదివి మోహన కూర్చుంది. సెల్వం లేచాడు. సెల్వం బజారు వీధి కౌన్సిలరు. అక్కడ అతనికి వక్కాకు అంగడి ఉంది. జయరాములు పొట్లాలు కొనేది ఆ అంగట్లోనే.

“సర్కారు చట్టం ఒకటి ముందే ఉండాది. మళ్ళీ మన తీర్మానం దేనికి?” అన్నాడు సెల్వం.

“చట్టం చెన్నైలో ఉండాది. పొట్లం మన వీధిలో ఉండాది” అంది మోహన కూర్చున్నచోటి నుంచే. కొందరు బల్లలు చరిచారు.

సెల్వం తొణకలేదు. జయరాములు పక్కకు వచ్చి నిలబడి, శాలువా మీద చెయ్యి వేశాడు. “సరి. ఈ అన్నను చూడండి. ఒక కాలంలో ఎంత పొగాకు వేసేవాడో మీకంతా తెలుసు. ఏ చట్టం మాన్పించింది ఈయన్ను? ఏ అధికారి వచ్చి అడ్డం పడినాడు? మనసులో అనుకున్నాడు, విడిచినాడు. ఈ దినం విరతంలో కూర్చోనుండాడు. మగవాడు మనసు పెడితే తీర్మానం ఎందుకప్పా? వాళ్ళ ఇంటాయనే దీనికి సాక్ష్యం.”

సభలో తలలు ఒక్కొక్కటే ఊగడం మొదలైంది. ఆ మాట నిజమేనన్నారు ఎవరో. రంగస్వామి కూడా గడ్డం నిమురుకున్నాడు. ఓటింగ్ లేకుండానే తీర్మానం పోయేట్టుంది.

జయరాములు భార్య వైపు చూశాడు. మోహన మొహంలో కోపం లేదు. మొగుడి మంచితనమే తన తీర్మానాన్ని ఓడిస్తుంటే ఎవరి మీద కోప్పడాలో తెలియక, చేతిలోని కాగితాన్ని చిన్నగా మడుస్తూ కూర్చుంది. నందకుమార్‌కు ఆపరేషన్ చేస్తున్న రోజు ఆస్పత్రి వరండాలో కూడా ఆమె అట్లాగే చేతికి దొరికిన కాగితాలన్నీ మడిచింది. దవడలో ఉన్నదాన్ని ఇంకాసేపు మోయడం జయరాములుకు కష్టమేమీ కాదు. ఆమెను అట్లా చూడటమే కష్టమైంది.

లేచాడు. మూలనున్న చెత్తబుట్ట తెచ్చి సభ నడుమ పెట్టాడు. అందరూ చూస్తుండగా వంగి, నోట్లో ఉన్నదంతా అందులో ఉమ్మాడు. చాలాసేపు పట్టింది. వాసన వెనక వరస దాకా పోయింది.

“విరతం లేదు, గిరతం లేదు” అన్నాడు జయరాములు మూతి తుడుచుకుని. “పొగాకు పెట్టుకోనుంటి. తలైవర్ కారు అడ్డం వచ్చె, ఉమ్మేదానికి కాలే. మనసు పెట్టి విడిచేదానికి నేనూ చూసినా. మా బావ మంచం పట్టుకోని మాట ఇచ్చినా. నూలుకు పోయే దారిలో ఆ అంగడి ఉండాది. అంగడి తెరిచుంటే నా కాళ్ళు నా మాట వినవు. నేను సాక్ష్యం అయితే, ఇదీ సాక్ష్యం.”

“ఏ అంగడప్పా?” అన్నాడు రంగస్వామి.

జయరాములు నోరు తెరిచేలోగా సెల్వం గబుక్కున చెయ్యెత్తాడు. “చర్చ చాలు తలైవరే, తీర్మానానికి నా ఓటు” అన్నాడు. అతని వెనకే మిగిలిన చేతులూ లేచాయి.

మోహన మొగుడి భుజం మీది శాలువా తీసి మడిచి రంగస్వామి బల్ల మీద పెట్టింది. నీళ్ళ సీసా తెచ్చి జయరాములు చేతిలో పెట్టింది. “పో, పుక్కిలించుకోని రా” అంది. గొంతు కరుకుగానే ఉంది గానీ, సీసా మూత ఆమే తీసి ఇచ్చింది.

అతను తిరిగి వచ్చేసరికి సభ ఇంకో చిక్కులో పడి ఉంది. అంగళ్ళన్నీ సోదా చేయడానికి ఒక మనిషి కావాలి. ఎవరూ ముందుకు రావడం లేదు. మోహన మళ్ళీ లేచి నిలబడింది.

“మా ఇంటాయన పేరు రాసుకోండి. ఈ ఊళ్ళో ఎవురు యాడ దాచిపెట్టి అమ్ముతారో ఆయనకు తెలిసినంత ఇంకెవురికీ తెలీదు.”

ఆ రోజు సభలో చర్చ లేకుండా నెగ్గిన ప్రతిపాదన అదొక్కటే.