అట్లతద్ది దళం

ఒక పెద్ద అడవిలో, అంటే నిజానికి అంత పెద్దదేమీ కాదు, పెద్దది అనకపోతే అక్కడి అధినేతకు కోపం వస్తుంది కాబట్టి మనమూ పెద్దదే అనుకుందాం, ఆ అడవిలో గురవయ్య అనే ముళ్ళపంది ఉండేవాడు. అడవి సైన్యం మొత్తంలో నిజమైన ఆయుధాలు ఉన్నది అతనికొక్కడికే. అవి కూడా పుట్టుకతో వీపు మీద మొలిచినవే గాని సర్కారు ఇచ్చినవి కావు.

అధినేత ఒక కొండముచ్చు. అంతకు ముందు అక్కడ ముసలి సింహం రాజుగా ఉండేది. ఒక అట్లతద్ది నాడు కొండముచ్చు అనుచరులంతా జోరువానలో, మోకాటి లోతు బురదలో నడుచుకుంటూ రాజుగారి బండ మీదికి బయల్దేరారు. కొండముచ్చు మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. సింహం బెదిరిపోయిందని కబురు అందాక, ఏనుగు వీపు మీద టేకాకు గొడుగు కింద కూర్చుని, ఒంటికి చుక్క తగలకుండా వచ్చి బండెక్కాడు. అడవి బడుల్లో ఇప్పుడు దాన్ని మహాయాత్ర అని చెబుతారు.

ఆ యాత్రలో గురవయ్య కూడా నడిచాడు. కొండముచ్చు వస్తే అడవి బాగుపడుతుందని మనస్ఫూర్తిగా నమ్మి నడిచాడు. నెల రోజులు జలుబుతో మూలిగాడు. ఆ జలుబుకు బహుమానంగా అతన్ని ఒక దళానికి నాయకుణ్ణి చేశారు. దళానికి పేరు కావాలి కదా, అధినేత బండెక్కిన పండగ పేరే పెట్టారు. అలా అది అట్లతద్ది దళం అయింది.

దళంలో చేరినవాళ్ళు ఒంటి నిండా మసి పూసుకోవాలి, ఎందుకంటే అధినేత ముఖం నలుపు. చేతిలో జమ్ముగడ్డితో చేసిన ఈటె ఉండాలి. బండల మీద ఎక్కడ చూసినా పెద్ద అక్షరాలతో 'నమ్ము, నడువు, నోరు మూసుకో' అని ఉండేది. ఇంత వైభవం ఉన్నా సైన్యంలో చేరడానికి పులి రాలేదు, ఎలుగుబంటి రాలేదు. చివరికి గురవయ్య కుందేళ్ళ బొరియల వెంట తిరిగాడు.

అక్కడ పేరక్క అనే కుందేలు ఉండేది. ఆరుగురు కొడుకుల తల్లి, నోరు గట్టిది. గురవయ్య చెప్పిందంతా విని, యుద్ధమేమైనా ఉందా అని అడిగింది. యుద్ధం లేదు గిద్దం లేదు, పండగలకు డప్పు వెనకాల నడవడమే పని, పూటకు రెండు దోసిళ్ళ ఉలవలు పెడతారు అన్నాడు గురవయ్య.

"డప్పు వరకేనా గురవయ్యా?"

"డప్పు వరకే అక్కా. డప్పు చప్పుడు వినబడని చోటికి నీ పిల్లల్ని తీసుకుపోను. నా ముళ్ళ మీద ఒట్టు."

ఆ మాట నమ్మి ఆరుగురినీ పంపింది. ఆమెను చూసి మిగతా బొరియల వాళ్ళూ పంపారు.

అధినేతకు ఉపన్యాసాలంటే ప్రాణం. ఒకసారి బండ మీద నుంచి గడ్డం పైకెత్తి, నా దగ్గర పన్నెండు దళాలున్నాయి అనేశాడు. ఉన్నది ఒకటే, అదీ అరకొర. ఆ మాట ఎలా పాకిందో ఉత్తరాన ఉన్న తోడేళ్ళ దాకా పాకింది. తోడేళ్ళు అప్పటికే ఊరందరి మీదా పడి కొరుకుతున్నాయి. పన్నెండు దళాలున్నవాడితో స్నేహం మంచిదే అనుకుని, ఆ దళాల్ని కళ్ళారా చూసి రమ్మని ఒక దూతను పంపాయి.

అధినేతకు చెమటలు పట్టాయి. అప్పుడు మంత్రి నక్క దగ్గి గొంతు సవరించుకుంది. బండకు ఎదురుగా కొండ ఉంది కదా, దళం కొండకు ఇటువైపు నుంచి కవాతు చేస్తూ వచ్చి, అటు మలుపు తిరిగి, చాటుకు పోగానే పరుగెత్తి మళ్ళీ ఇటు రావాలి. వచ్చే ప్రతిసారీ జెండాకు కట్టిన ఆకు మారుస్తే సరి. ఇదీ దాని ఉపాయం. అధినేత నక్కను కావలించుకున్నాడు.

దూత వచ్చిన రోజు డప్పులు మోగాయి. టేకాకు జెండాతో అట్లతద్ది దళం నడిచింది. చాటుకు వెళ్ళి, మోదుగాకు కట్టుకుని, అధినేత పుట్టిన ఏకాదశి దళమై వచ్చింది. అరిటాకు కట్టుకుని, ఆయన మొదటి ఉపన్యాసం ఇచ్చిన అమావాస్య దళమై వచ్చింది. ఆయనకు పాలపన్ను ఊడిన షష్ఠి పేరిట కూడా ఒక దళం వచ్చింది. వెదురు తడికలకు మట్టి మెత్తి చేసిన బొమ్మ ఏనుగును లోపలి నుంచి పేరక్క కొడుకులు మోశారు. పాపం, దాన్ని మోస్తూనే కొండ వెనకాల పరుగెత్తాలి. ఏనుగు రొప్పుతోందేమిటని దూత అడిగితే, కోపంతో అని నక్క చెప్పింది.

ఏడో దళం వచ్చేసరికి అధినేత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మనకింత సైన్యం ఉందా?" అని నక్క చెవిలో అడిగాడు.

"ఇంకా వస్తూనే ఉంది ప్రభూ," అంది నక్క.

పన్నెండో దళం పోయేసరికి అడవిలో ఇద్దరు మోసపోయారు. ఒకడు దూత, రెండోవాడు అధినేత.

కొన్నాళ్ళకు తోడేళ్ళు వాగు అవతలి అడవిదున్నల మీద పడ్డాయి. దున్నల పని అయిపోయిందనీ, పచ్చికబీళ్ళు పంచుకోవడానికి త్వరలో విందు జరుగుతుందనీ దూత చెప్పాడు. ఊరికే వచ్చి విస్తరి ముందు కూర్చుంటే బాగుండదని అధినేతకు తోచింది. మనవాళ్ళు కూడా కాస్త చావాలి, అప్పుడే పంపకాల్లో మాట చెల్లుతుంది అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన రేగుపళ్ళు తింటున్నాడు. పన్నెండు దళాలూ మర్నాడు పొద్దున్నే వాగు దాటాలని ఆజ్ఞ అయింది.

గురవయ్య నేరుగా అధినేత దగ్గరికి వెళ్ళి, ఉన్నది ఒక్క దళమే ప్రభూ, తిప్పమన్నది తమరే కదా, కుందేళ్ళను దున్నల మీదికి తోలితే ఒక్కటి మిగలదు అని చెప్పుకున్నాడు.

అధినేత గడ్డం ఇంకాస్త పైకి లేచింది. "నీకు పిరికితనం పట్టుకుంది గురవయ్యా. మిగతా పదకొండు దళాల నాయకుల్ని చూసి నేర్చుకో. ఒక్కరైనా వచ్చి ఇలా ఏడ్చారా?"

ఆ పదకొండు మందీ తనే అని ఎలా చెప్పాలో గురవయ్యకు తెలియలేదు. బయటికి వచ్చాక నక్క అతన్ని పట్టుకుని ఆజ్ఞను పన్నెండు సార్లు చదివి వినిపించింది. నాయకుడికొకసారి వినిపించడం ఆనవాయితీ, నా ఉద్యోగానికి మాట రాకూడదు కదా అంది.

ఈ సంగతి విని పేరక్క వచ్చింది. ఆమె అరుస్తుందని గురవయ్య భయపడ్డాడు. ఆమె అరవలేదు. డప్పు వరకే అన్నావు అని ఒక్క మాట అని, అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది. గురవయ్య తల దించుకున్నాడు. ఆ వానలో నడిచిన రోజు నుంచి తను చేసిన ప్రతి పనీ సిగ్గుగా అనిపించింది.

పొద్దున్నే దళం బయల్దేరింది. డప్పులవాళ్ళు అధినేత బండ దగ్గరే ఉండిపోయారు, ఆయన ఉత్సాహం కోసం వాయించాలి కదా. వాగు ఒడ్డుకు వచ్చేసరికి చప్పుడు సన్నబడింది. దళం నీళ్ళలోకి దిగింది. వాగు నడుమకు చేరగానే గురవయ్య చెవులు రిక్కించి విన్నాడు. అక్కడికి డప్పు ఇంకా లీలగా వినబడుతోంది. ఒక్క అడుగు వేస్తే వినబడదు.

"ఇక్కడే కూర్చోండి," అన్నాడు.

కూర్చున్నారు. నీళ్ళకు మసి కరిగిపోయింది. నల్లటి వీరులు కాస్తా తడిసిన కుందేళ్ళయ్యారు. జమ్ము ఈటెలు మెత్తబడి వంగిపోయాయి. బొమ్మ ఏనుగు మట్టంతా కారిపోయి, తడికల్లోంచి ఆరు జతల చెవులు బయటపడ్డాయి.

అవతలి గట్టు మీద దున్నలు బారులు తీరి ఉన్నాయి. వాటి పని అయిపోయిందన్నది తోడేళ్ళ మాట మాత్రమే. మందకు పెద్ద మాలచ్చి అనే ముసలి బర్రె. ఆమె గట్టు దిగి వచ్చి, ఏం చేస్తున్నారని అడిగింది. లొంగిపోతున్నామమ్మా అన్నాడు గురవయ్య.

"సరే గాని అబ్బాయ్, మిగతా పదకొండు దళాలూ ఏవి?"

"వీళ్ళేనమ్మా. ఆకులు మార్చుకుంటాం."

మాలచ్చి నమ్మలేదు. దూత వచ్చిన రోజు కొండ చుట్టూ పన్నెండుసార్లు లేచిన దుమ్ము ఆమె వాగు అవతలి నుంచి కళ్ళారా చూసింది. అప్పటి నుంచి మందకు కంటి మీద కునుకు లేదు. ముళ్ళవాడు మమ్మల్ని ఏమారుస్తున్నాడు, అసలు సైన్యం కొండ వెనకాల పొంచి ఉంది అనుకుంది. నిజానికి ఆమెకు యుద్ధం మీద ఆశ లేదు. ఒక్కటే దళం అయితే కుందేళ్ళను ఇంటికి పంపి మేతకు పోయేది. పదకొండు దళాలు పొంచి ఉంటే ఊరుకోవడం కుదరదు కదా.

కుందేళ్ళను పచ్చికలో కూర్చోబెట్టి, కొండ వెనక్కి దారి చూపించమని గురవయ్యను ముందు పెట్టుకుని మంద మొత్తం కదిలింది. దారి చూపించడం అతనికి కష్టమేం కాలేదు. ఆ కొండ చుట్టూ అతను కళ్ళు మూసుకుని తిరగగలడు.

కొండ చాటున దున్నలకు ఒక్క దళం కూడా కనబడలేదు. వాడిపోయిన ఆకులు మాత్రం కుప్పగా ఉన్నాయి. వెతుక్కుంటూ మలుపు వైపు నడిచారు.

బండ మీద అధినేత, దూత, నక్క విజయవార్త కోసం చూస్తున్నారు. మలుపు దగ్గర దుమ్ము లేచింది. డప్పులవాళ్ళు అలవాటుగా జోరు పెంచారు. దుమ్ములో ముందుగా గురవయ్య కనబడ్డాడు. ప్రతిసారీ ముందు కనబడేది అతనే.

"చూశారా, నా ఏకాదశి దళం గెలిచి వస్తోంది," అని అధినేత చెయ్యెత్తి వందనం స్వీకరించాడు.

"ఈసారి మీవాళ్ళు కొంచెం ఎత్తుగా ఉన్నారే," అన్నాడు దూత.

"ఉలవలు బాగా పెడుతున్నాం," అన్నాడు అధినేత, గడ్డం దించకుండా. గడ్డం అంత పైకి ఉంటే కొమ్ములు కనబడవు. పక్కన నక్క ఎప్పుడు మాయమైందో కూడా కనబడదు.

కనబడే వేళకు దూత అడవి దాటిపోయాడు, అధినేత ఎత్తయిన మద్దిచెట్టు చిటారు కొమ్మన ఉన్నాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. పొద్దు పొడవగానే పదకొండు దళాల్ని పేరుపేరునా పిలిచి, ఇంకా కొండ చుట్టి రాలేదేమని కోప్పడుతుంటాడు.

ఉన్నది ఒక్క దళమే అని తేలాక మాలచ్చి వదిలేస్తే, సాయంత్రానికి కుందేళ్ళు బొరియలకు చేరాయి. పేరక్క ఆరుగురినీ తడిమి చూసుకుని, చెవుల్లో మసి కూడా కడగలేదేమని గురవయ్యను తిట్టింది. తిడుతూనే అతని ముందు దోసెడు ఉలవలు పెట్టింది. గురవయ్య వాటిని తింటూ ఏడ్చాడు.

నీతి: ఏలేవాడికి పెద్ద సైన్యం అక్కర్లేదు, గుండ్రటి కొండ ఒకటి ఉంటే చాలు, కాకపోతే ఆ కొండను అవతలి నుంచి చూసి నమ్మేవాళ్ళు ఎవరూ ఉండకూడదు.