తూర్పు మూలన యాంటెనా

జహీరాబాదులో టీవీ అంటే జనం కిటికీల దగ్గర గుమిగూడే రోజులవి. బట్టల కొట్టు శరణప్ప కూడా ఒకటి కొన్నాడు. హైదరాబాదు బొమ్మ అంత దూరం నుంచి రావాలంటే, చెట్టూ గోడా అడ్డం లేని చోట యాంటెనా పెట్టాలన్నాడు మెకానిక్. మేడ మీద అలాంటి చోటు తూర్పు మూల ఒక్కటే. అక్కడ భార్య భాగీరథి మిరపకాయలు ఎండబోస్తుంది.

"పానం పోయినా ఆ జాగ ఇయ్య," అందామె.

శరణప్ప గొంతు తగ్గించాడు. "నీకెరుక లేదు గాని, మనకు ఇల్లమ్మిన చెన్నమ్మవ్వ న్యాల్‌కల్ ఊర్ల సచ్చిపోయిందట. పొద్దుగూకంగ తెల్లచీరల ఆ మూలకే వచ్చి నిలవడ్తుందట."

భాగీరథి మొహం పాలిపోయింది. గబగబా మిరపకాయలు కిందికి దించింది.

అవ్వ సంగతి శరణప్పకు నిజంగా ఏమీ తెలియదు. అబద్ధం ఇంత సులువుగా పారినందుకు మురిసిపోయి, ఆ మూలనే యాంటెనా పాతించాడు.

వారం తిరిగింది. సాయంత్రం సినిమా మొదలయ్యే వేళకు బొమ్మ చెదిరిపోతుంటే మేడెక్కాడు. వెలుగు సన్నగిల్లుతోంది. గాలికి యాంటెనా గొట్టానికి కట్టిన తీగలు ముసలి గొంతులా మూలుగుతున్నాయి. గొట్టం తిప్పుతూ కిందికి కేకేశాడు.

"వచ్చిందా?"

"వచ్చింది!" భాగీరథి గొంతు వణికింది.

"ఎట్లున్నది?"

"తెల్లగున్నది. మొఖం సక్కగ కనవడ్తలేదు."

శరణప్ప వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. గొట్టం ఇంకాస్త తిప్పాడు.

"మాట ఇనవడ్తుందా?"

"ఇనవడ్తుంది. నీ పేరే అడుగుతుంది!"

చేతిలో గొట్టం మంచుముక్కలా తగిలింది. "యాడున్నదే?"

"ఈడ లేదు! మెట్లెక్కి నీ దిక్కే వస్తున్నది!"

టక్... టక్... మెట్ల మీద చప్పుడు. ముందు నెరిసిన తల, తర్వాత తెల్లచీర పైకి తేలాయి. చెన్నమ్మవ్వ!

శరణప్ప గొట్టాన్ని కౌగిలించుకుని కూలబడ్డాడు. "అవ్వా, మాఫ్ చెయ్యి! మూల కోసం అబద్ధమాడి నిన్ను నేనే సంపిన!" గొట్టం తీగలతో సహా అతని మీదికే ఒరిగింది.

అవ్వ కర్ర ఆనించి నిలబడింది. "సంపితె సంపినవ్. జర కుర్సీ అయితె ఎయ్యి కొడుకా, మోకాళ్లు గుంజుతున్నయి."

వెనకే వచ్చిన భాగీరథి నవ్వాపుకోలేక మెట్ల మీదే కూలబడింది. అవ్వ ఇంటివాళ్లను పలకరించి వద్దామని తాను మొన్న న్యాల్‌కల్ వెళితే, పోయిన మనిషే ఎదురొచ్చి చాయ్ పోసిందట.

"మరి యాంటెనా యాడ వెడదాం?" తలొంచుకుని అడిగాడు శరణప్ప.

"స్నానాల గది రేకుల మీద," అంది భాగీరథి. "బొమ్మ రాకుంటె నువ్వే పట్టుకొని నిలవడు."

ఆ సాయంత్రం ఆడవాళ్లిద్దరూ సినిమా చూశారు. శరణప్ప రేకుల మీద నిలబడి మొత్తం విన్నాడు.