డాబా మీద ఓడ

ఆదివారం దుకాణం తెరిచేలోగా ఓడలో గది సంగతి తేల్చేయాలని విఘ్నేశ్వర్ అనుకున్నాడు. సంగారెడ్డి బజారులో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పప్పుల దుకాణం, ఒకటే ఇల్లు. కింద తల్లి అరుణాదేవి, అన్న నాగేశ్వర్ కుటుంబం. పైన విఘ్నేశ్వర్, భార్య శ్రీవాణి, పిల్లలు ఆకాష్, దీప్తి. వేసవి సెలవుల్లో ముంబైలో ఎక్కి గోవా చుట్టి వచ్చే ఓడలో పిల్లలను తీసుకుపోవాలని అతని కోరిక. అన్నకు చెబితే దుకాణం ఎవరు చూస్తారంటాడని ఇంకా చెప్పలేదు.

అంతా కుదిరాక చిక్కు గది దగ్గర వచ్చింది. అతనికి బాల్కనీ గది కావాలి. శ్రీవాణికి కిటికీ కూడా వద్దు.

“దీప్తికి మూడేండ్లు నిండలే, మొన్న ఫ్రిజ్ మీదికెక్కి కూసుంది. దాన్ని సముద్రం మీద బాల్కనీల పెడ్తరా?”

“తలుపుకు గొళ్లెం ఉంటది గదా.”

“గొళ్లెం ఆకాష్ తీస్తడు. ఇది ఉరుకుతది.”

“అసలు నలుగురం పడ్తమో లేదో సూద్దాం పా,” అని విఘ్నేశ్వర్ టేపు, సున్నం డబ్బా పట్టుకుని డాబా ఎక్కాడు. ఓడ టికెట్ల ఏజెంటు చెప్పిన కొలతలకు సున్నంతో గది గీశాడు. మంచాలు, స్నానాలగది, చివర బాల్కనీ. పిల్లలను మంచాల్లో పడుకోబెట్టి పక్కన తానూ నడుం వాల్చాడు. కాళ్లు స్నానాలగదిలోకి వెళ్లాయి.

“గోడ ఈడికొస్తది. ఇవతలిది మనది. అవతలి దాంతోని మనకు సంబంధం లేదు,” అని పిల్లలకు గట్టిగా చెప్పాడు.

సరిగ్గా అప్పుడే పనిమనిషి మొగులమ్మ బట్టలారేయడానికి పైకి వచ్చింది. సున్నపు గీతలు చూసింది, ఆ మాట విన్నది, బకెట్ అక్కడే వదిలి దిగిపోయింది.

“పెద్ద సేటూ, చిన్న సేటు డాబా పంచుకుంటుండు! గోడ గూడ గీసిండు!”

నాగేశ్వర్ చేతిలో చాయ్ చల్లారిపోయింది. తమ్ముణ్ణి పిలిచి అడగడం నామోషీ అనిపించింది. ముత్తంగిలో లారీలు నడిపే మేనమామకు ఫోన్ చేశాడు. ఇతరుల ఇళ్లలో తీర్పులు చెప్పడమంటే ఆయనకు పండగ. బయలుదేరుతూనే విఘ్నేశ్వర్‌కు ఫోన్ కలిపాడు.

“ఏంరా, అన్నకు చెప్పకుండ పని మొదలువెట్టినవట?”

ఓడ సంగతి బయటపడిందనుకుని విఘ్నేశ్వర్ నీళ్లు నమిలాడు. “అన్నీ ఖాయమైనంక చెప్దామనుకున్న మామా. పిల్లలకోసమే. జెర గాలి, వెల్తురు తగుల్తదని.”

“గాలి కోసం గింత పని జేస్తవా!” అని మామ ఫోన్ పెట్టేశాడు. దారిలో ఇద్దరు పెద్దమనుషులను కారులో ఎక్కించుకున్నాడు.

అందరూ డాబా ఎక్కాక నాగేశ్వర్ సున్నపు గీతకు ఇవతలే ఆగాడు.

“తమ్మీ, నువ్వే ముందుగాల బయటపడ్డవు. ఇగ నేను గూడ దాచ. కొల్లూరుల ఫ్లాటు తీస్కున్న. దసరాకు పోదామనుకున్న. ఈ డాబా నువ్వే ఉంచుకో.”

“ఫ్లాటా?” అన్నాడు విఘ్నేశ్వర్. “అన్నా, ఇది ఓడ.”

“ఏందీ?”

“ఓడల గది. మేం గోవా పోతున్నం. గిది మంచం. మామ నిల్సున్నది బాత్రూమ్.”

మామ గభాలున పక్కకు జరిగాడు.

ఒకే ఇంట్లో ఉంటూ అన్న ఇంత సంగతి దాచాడా అని విఘ్నేశ్వర్‌కు కోపం రాబోయింది. తాను దాచిందీ గుర్తొచ్చి, వచ్చినంత దూరం వచ్చి ఆగిపోయింది. నాగేశ్వర్‌కైతే నోరు జారిన మాటను ఎలా వెనక్కి తీసుకోవాలో తోచలేదు.

అప్పటికి అరుణాదేవి ఒక్కో మెట్టూ ఎక్కి పైకి చేరింది.

“కొల్లూరుల ఎన్ని రూములు పెద్దోడా?”

“మూడమ్మా.”

“నాదేది?”

నాగేశ్వర్ మామ వైపు చూశాడు. మామ ఆకాశం వైపు చూశాడు.

“ఓడల నాదేది చిన్నోడా?”

విఘ్నేశ్వర్ కూడా ఆకాశం వైపే చూశాడు.

అరుణాదేవి నెమ్మదిగా నడిచి సున్నపు బాల్కనీలో నిలబడింది.

“కోడలు చెప్పిందే నిజం. పిల్లలకు కిటికీ లేని గదే మంచిది, మీ కాడ పండుకుంటరు. బాల్కనీది నాకు. దుకాణం పెద్దోడు సూస్కుంటడు. నేనొచ్చినంక ఫ్లాటు సంగతి మాట్లాడుదాం.”

పెద్దమనుషులు తలలూపారు. వాళ్లకు మిగిలిన పని అదొక్కటే.

సాయంత్రం విఘ్నేశ్వర్ ఏజెంటుకు ఫోన్ చేసి రెండు గదులు చెప్పాడు. “పెద్దావిడకు సముద్రం మీద భయమేమీ లేదు కదా సార్?” అని ఏజెంటు అడిగాడు.

“ఆమెకు లేదు,” అన్నాడు విఘ్నేశ్వర్. “మాకే.”