ఇబ్రహీంపట్నం ప్రొడ్యూసర్

ప్యాకెట్ ఎవరు తయారుచేస్తే ఆ చెత్తకు వారే బాధ్యులని సర్కారు తేల్చి చెప్పింది. ఇంత న్యాయమైన మాట విని ఇబ్రహీంపట్నం ప్రజలు సంతోషం పట్టలేక, చేతుల్లోని చిప్స్ ప్యాకెట్లను అక్కడికక్కడే వదిలేసి చప్పట్లు కొట్టారు.

ఇక ఆ బాధ్యులను, అంటే సర్కారు భాషలో 'ప్రొడ్యూసర్ల'ను, పట్టుకోవాలి. ప్యాకెట్ల మీద చిరునామాలు ఉన్నాయి గానీ చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని చదివితే అన్నీ ముంబయి, కలకత్తా వైపువే. అంత దూరం పోవడానికి ఆఫీసు జీపులో డీజిల్ లేదు. అందువల్ల 'స్థానికంగా లభ్యమగు ప్రొడ్యూసర్లను గుర్తించవలెను' అని ఒక కాగితం పుట్టింది. అది పుట్టింది ఏ ఆఫీసులోనో చెప్పడం మర్యాద కాదు. అందులో పనిచేసే వీరస్వామి రెండు రోజులు వీధులన్నీ గాలించి, మూడో రోజు ఒకే ఒక్క ప్రొడ్యూసర్‌ను కనిపెట్టాడు. ఆ మాట అతని ఇంటి గేటుకున్న బోర్డు మీదే పెద్దక్షరాలతో రాసి ఉంది: ఐలేష్, ప్రొడ్యూసర్.

అందులో అబద్ధమేమీ లేదు. మూడేళ్ల కింద ఐలేష్ రెండు బర్రెలను అమ్మి, ఒక జానపద పాట తీసి యూట్యూబులో పెట్టాడు. చుట్టాలందరూ చూశారు, కొందరైతే చివరిదాకా చూశారు. అప్పటివరకు అతను ఊరందరికీ 'బర్ల ఐలేష్'. తండ్రి బర్ల సోమయ్య, తాత బర్ల సిద్దయ్య. పేరు ముందు ఆ రెండక్షరాలు చెరిపేయడానికి మూడు తరాలు పట్టింది. ఇప్పుడు పెళ్లి పత్రికల్లో, బండి నంబరు ప్లేటు మీద, చివరికి రేషన్ షాపు వరుసలో కూడా అతను ప్రొడ్యూసర్ ఐలేష్. ఆ పేరంటే అతనికి ప్రాణం.

"నేను తీసింది పాట సార్. ప్లాస్టిక్ తియ్యలే," అన్నాడు నోటీసు అందుకుని.

"ఏం తీసినవో రాయనీకె ఈ కాయితంల జాగ లేదు," అన్నాడు వీరస్వామి. "ప్రొడ్యూసర్‌వా, కాదా? కాకుంటే కాదని రాసియ్యి. బోర్డు పీకెయ్. నేను పోత."

"కాదని రాసియ్యరాదా, పీడ పోతది," అంది భార్య శోభ. "పేరు బువ్వ పెడ్తదా?"

ఎదురుగా టీ కొట్టు మల్లేష్ గ్లాసులు కడగడం ఆపి చెవులు రిక్కించాడు. బోర్డు ఊడిన మరుక్షణం ఆ నోట్లోంచి ఏ పేరు వస్తుందో ఐలేష్‌కు తెలుసు.

"నేను ప్రొడ్యూసర్‌నే," అని సంతకం పెట్టాడు.

మర్నాటి నుంచి ఊరి చెత్త ఏరడానికి గోనెసంచి భుజాన వేసుకున్నాడు. ఊరు కూడా హోదాకు తగ్గ గౌరవమే ఇచ్చింది. "ప్రొడ్యూసరన్నా, జర జరుగు!" అని మర్యాదగా హెచ్చరించాకే మేడల మీది నుంచి కవర్లు విసిరేవారు. ఇన్నాళ్లూ గుడ్డసంచీతో అంగడికి పోయిన ముసలివాళ్లు సైతం, బాధ్యత తీసుకున్న మనిషికి పని లేకుండా చేయడం పాపమని ఆ సంచీలను అటకెక్కించారు. తుర్కయాంజాల్ కాలనీల నుంచి కార్ల డిక్కీల్లో మూటలు దిగాయి. కొట్టం నిండిపోయి, మిగిలిన ఒక్క బర్రె వాకిట్లోకి వచ్చి నిలబడింది.

ఇంతటి సేవ ఎన్నాళ్లు దాగుతుంది? ప్యాకెట్లు తయారుచేసే కంపెనీ ఒకటి చలించిపోయి సన్మానం ఏర్పాటు చేసింది. శాలువా కవర్లో వచ్చింది, పూలదండ ఇంకో కవర్లో వచ్చింది. "ఉత్పత్తిదారుల బాధ్యత అంటే ఏమిటో ఐలేష్ గారు దేశానికే చూపించారు. మా వంటి చిన్నవారం ఎల్లవేళలా ఆయన వెనుకే ఉంటాం," అని కంపెనీ ప్రతినిధి గద్గద స్వరంతో ప్రసంగించి, తాగేసిన నీళ్ల సీసాను కూడా ఆయన వెనుకే పడేశాడు.

అలవాటు కొద్దీ ఐలేష్ దానికోసం వంగాడు. నడుం పట్టేసింది. ఎలాగో లేచి మైకు అందుకున్నాడు.

"నేను ప్రొడ్యూసర్‌ను కాదు. బర్ల ఐలేష్‌ను. మా తాత బర్ల సిద్దయ్య. మీ చెత్త మీరే ఏరుకోండ్రి."

ఆహా, ఎంత వినయమని సభ మొత్తం లేచి నిలబడి, చేతుల్లోని సీసాలను అక్కడికక్కడే వదిలేసి చప్పట్లు కొట్టింది.

బోర్డు దిగింది. 'స్థానికంగా బాధ్యులెవరూ లభ్యం కాలేదు' అని ఫైలు మూతబడింది. గేటు మీద కొత్త రాత వెలిసింది: బర్ల ఐలేష్. చిక్కటి పాలు. గిన్నె తెచ్చుకోండి.

మొదటి రోజు పొద్దున్నే, సభలో చప్పట్లు కొట్టిన వారిలోనే పదకొండు మంది వచ్చారు. అందరికన్నా ముందు వీరస్వామి. ఒక్కరి చేతిలోనూ గిన్నె లేదు.

"కవర్ల పొయ్యవా బర్లన్నా?"

"పొయ్య."

"గిన్నె మోసుకుంట ఎవడొస్తడే?" అని అందరూ కలిసి మల్లేష్ కొట్టుకు పోయి, ప్యాకెట్ పాలు కొనుక్కుని, వాటిని మళ్లీ ఒక కవర్లో వేయించుకుని వెళ్లిపోయారు.

ఆ పదకొండు మందిలో మీరు లేరు. ఆ సంగతి అందరికీ తెలుసు. మీకు రోజూ పాలు తెల్లవారకముందే ప్యాకెట్లో వచ్చి గేటుకు వేలాడుతుంటాయి కదా.