అత్తగారి మీద సర్వే

ఉద్యానవనాల శాఖ గుమాస్తా ఆ రోజు పొద్దున్నే అద్దం ముందు నిలబడి ప్రశ్నలు బట్టీ పడుతున్నాడు. ఊళ్లో పార్కులకు వచ్చే జనం ఈమధ్య ఉన్నట్టుండి పెరిగారు. ఎవరొస్తున్నారో, ఎందుకొస్తున్నారో కనుక్కురమ్మని ఆఫీసరు పురమాయించాడు. "కాగితం చూసి చదివావంటే పారిపోతారయ్యా. నోటికి రావాలి. ముందు ఇంట్లో ఎవరినైనా అడిగి చూసుకో," అని సలహా కూడా పారేశాడు.

ఇంట్లో ఆ సమయానికి దొరికింది అత్తగారు. మూడేళ్ల కిందట ఏదో మాట పట్టింపు వచ్చి, మళ్లీ ఈ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషి. కూతురు ఏడ్చి, బతిమాలి, ఎలాగో ఒప్పిస్తే ముందురోజు సాయంత్రమే దిగింది. "మా అమ్మ మళ్లీ అలిగి వెళ్లిందో, నేనూ ఆవిడ వెనకే వెళ్తాను," అని భార్య తేల్చి చెప్పింది. అంచేత గుమాస్తా అత్తగారి ఎదుట గాలి కూడా మెల్లగా పీలుస్తున్నాడు.

ఆవిడ వంటింట్లో మిక్సీ తిప్పుతోంది. ఆ రొదలోనే అతను చేతులు కట్టుకుని, "నమస్కారమండీ, పార్కుల ఆఫీసు నుంచి వచ్చాను. పార్కు గురించి నాలుగు ప్రశ్నలు అడుగుతాను," అని మొదలుపెట్టాడు. ఆవిడకు పెదవులు కదలడమే కనిపించింది. అల్లుడు ఏదో అంటున్నాడని మిక్సీ ఆపింది.

"మీరు ఇక్కడికి ఎందుకు వస్తున్నారు?"

ఆవిడ బిత్తరపోయింది. "చూసి పోదామని, బాబూ."

"ఎన్నాళ్లకోసారి వస్తారు?"

"మూడేళ్లయింది కదా."

"ఒక్కరే వస్తారా, ఇంకెవరినైనా వెంటబెట్టుకొస్తారా?"

"ఒక్కదాన్నే."

"వస్తే ఎంతసేపు ఉంటారు?"

ఆవిడ మిక్సీ మూత తీసి, మళ్లీ పెట్టింది. "ఎక్కువసేపు ఉండన్లెండి."

పార్కు మొహం చూసి మూడేళ్లయిందా పాపం అనుకున్నాడు గుమాస్తా. జవాబులు ఇంత పొందిగ్గా వచ్చినందుకు మురిసిపోయి, "సహకరించినందుకు కృతజ్ఞతలండీ," అని చెప్పులేసుకుని బయటపడ్డాడు.

పార్కులో మొదటి మనిషిని ఆపేలోపే భార్య ఫోను.

"నేను స్నానం చేసొచ్చేసరికి అమ్మ పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది! ఎందుకొచ్చావని అడిగారట! పక్కింటావిడతో చెప్పుకుని మరీ వెళ్లింది. ఫోను కూడా తీయట్లేదు!"

"అది సర్వేనే..."

"సర్వేనో సర్వనాశనమో, నాకు మా అమ్మ కావాలి!"

పక్కింటావిడ గోరంత చెబితే ఫోన్లలో అది కొండంత అయింది. వెంటనే బావమరిది మోగాడు. "ఏంటి బావా, అమ్మని ఇవాళే పొమ్మన్నావట?" ఆ వెనకే మామగారు. "పెట్టె వీధిలో పారేశారటగా, అల్లుడుగారూ. పోన్లెండి, దాని చక్రం ఎటూ ఊగుతోంది."

అత్తగారి ఊరి బస్సు ఆగేది పార్కు గేటుకు ఎదురుగానే. ఆవిడ బస్సెక్కకముందే పట్టుకోవాలని గుమాస్తా పరుగెత్తుతుంటే, గేటు దగ్గరి బెంచీ చుట్టూ జనం మూగి కనిపించారు. నడవడానికొచ్చిన వాళ్లంతా నడక మానేసి నిలబడ్డారు. మధ్యలో అత్తగారు, పక్కన పెట్టె. బస్సు రాలేదని లోపలికొచ్చి కూర్చున్నట్టుంది.

"ఎంతసేపుంటావని అడిగాడమ్మా!" అంటోంది ఆవిడ, కొంగుతో కళ్లొత్తుకుంటూ.

"మీకిది ఒక్కరోజు, నాకు రోజూ," అంది బ్యాంకులో పనిచేసే ఒకావిడ. "మా ఆయనది ఇంటినుంచే ఆఫీసు. పొద్దున్నే ఫోన్లో ఒకటే అరుపులు. ఇక్కడికొస్తేనే నాకు ప్రాణం లేచొస్తుంది."

"ఇంట్లో కనిపిస్తే మా ఆవిడ ఏదో ఒకటి దులపమంటుంది," అన్నాడు రిటైరైన హెడ్మాస్టరు.

"నేను పరిగెత్తేది మా నాన్న మార్కులడిగే టైమండీ," అన్నాడు చెమటలు కక్కుతున్న కాలేజీ కుర్రాడు.

అంతలో అత్తగారు తలెత్తింది. "అడుగో, ఆయనే!"

అందరూ ఒక్కసారి తిరిగారు. గుమాస్తా క్షమాపణ చెబుదామని నోరు తెరిచాడు. బుర్రలో మాట లేదు. పొద్దుట్నుంచీ బట్టీ పట్టిందే గడగడా బయటికొచ్చింది. "నమస్కారమండీ, పార్కుల ఆఫీసు నుంచి వచ్చాను. పార్కు గురించి నాలుగు ప్రశ్నలు అడుగుతాను. మీరు ఇక్కడికి ఎందుకు వస్తున్నారు? ఎన్నాళ్లకోసారి వస్తారు? ఒక్కరే వస్తారా..."

ఈసారి మిక్సీ అడ్డు లేదు. అత్తగారు కొంగు దించి అల్లుణ్ణి ఎగాదిగా చూసింది.

"పార్కు గురించా!" అంది. "మీ ప్రశ్నలు పాడుగానూ! అదంతా పార్కు గురించా, బాబూ!"

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే గుమాస్తాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. గుండెల మీంచి బండ దించినట్టయి, ఆ పెట్టె పక్కనే కూలబడ్డాడు.

తడి జుట్టుతో, చెరో రకం చెప్పులతో భార్య పరిగెత్తుకొచ్చింది. "అమ్మా! వెళ్లిపోయావనుకున్నానే!"

"ఎక్కడికే? కాస్త గాలి పీల్చుకుందామని వచ్చాను. అల్లుడుగారే తోడొచ్చారు."

"పెట్టెతోనా?"

"దానికి మాత్రం గాలి తగలొద్దూ?" అని, జనం వైపు తిరిగింది అత్తగారు. "ఎవరూ కదలకండి. మా అల్లుడుగారు అడుగుతారు. ఇందాక నాకు చెప్పిందే చెప్పాలి. ఆరోగ్యం కోసమని కోతలు కొయ్యొద్దు."

జనం పార్కులకు రావడానికి ముఖ్య కారణం ఇల్లు అనీ, ఆరోగ్యం ఆ తరవాతేననీ శాఖవారు ఆ ఏటి నివేదికలో రాసుకున్నారు.