సంతకం, రెండో రకం

నేను తక్కువ మాట్లాడే మనిషిని. అందువల్ల నా అబద్ధాలు కూడా పొట్టిగా ఉంటాయి. పొట్టి దుప్పటితో వచ్చే చిక్కే పొట్టి అబద్ధంతోనూ వస్తుంది. తల కప్పుకుంటే కాళ్లు బయటపడతాయి.

నా పని సామిల్లులో. దుంగ కోసి పలకలు పరిచాక, ఒక్కొక్కదాన్నీ వేలి కణుపుతో తట్టి వింటాను. ఖంగుమంటే మార్కరుతో 'మొదటి రకం' అని రాస్తాను. బొదబొదమంటే 'రెండో రకం'. కట్టె విషయంలో నా చెవి తప్పదని మా యజమాని నలుగురిలో అంటూ ఉంటాడు. ఆ మాటే నా కొంప ముంచింది. దాన్ని మా ఆవిడ నమ్మింది.

మా అమ్మాయి గిటారు నేర్చుకుంటోంది. ఇన్నాళ్లూ మాష్టారి గిటారు మీదే. బడి వార్షికోత్సవంలో వాయించే ముందు సొంతది ఉంటే బాగుంటుందని మా ఆవిడ కుట్టుమిషను మీద కూడబెట్టిందంతా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కట్టె తెలిసినవారు. మీరే తట్టి చూసి తెండి," అంది.

వాయిద్యాల కొట్టువాడికి నేను పెట్టిన పేరు తేనెసీసా. మాట అంత నింపాదిగా, అంత తియ్యగా జారుతుంది. గోడకున్న మామూలు గిటారు తట్టబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీలాంటివాడికి అది కాదన్నా," అంటూ లోపలినుంచి ఒక పెట్టె తెచ్చి తెరిచాడు.

లోపల మఖమలు పరుపు. పరుపు మీద గిటారు. గిటారు పొట్ట మీద నల్లగా, వంకరటింకరగా బొంగురాయన సంతకం.

బొంగురాయన అంటే నా పడుచుతనంలో సందుసందునా మోగిన గొంతు. అది బొంగురుగొంతు కాబట్టి మేమంతా ఆయన్ను అలాగే పిలిచేవాళ్లం. ఆయన పోయి పదేళ్లయిన జ్ఞాపకంగా ఈ గిటార్లు కొన్నే కొన్ని చేశారట.

"వాయిస్తే ఎలా ఉంటుంది?" అన్నాను.

"వాయిస్తే విలువ పడిపోతుందన్నా."

"ముట్టుకుంటే?"

"మరక పడుతుంది."

"మరి దీన్నేం చెయ్యాలి?"

"మూత వేసి ఉంచాలి. లోపల రేటు దానంతటదే పెరుగుతుంది."

"గిట్టుబాటవుతుందంటావా?"

"గిట్టినవాడి గిటారన్నా! గిట్టుబాటు కాకుండా ఎక్కడికి పోతుంది?"

ఆ మాటకు బోల్తాపడ్డాను. తెచ్చిన డబ్బు చాలలేదు. చేతి గడియారం విప్పి తేనెసీసా బల్ల మీద పెట్టి వచ్చాను.

ఇంట్లో పెట్టె తెరవగానే మా ఆవిడ వంగి చూసింది. "ఈ గీతేమిటండీ?"

"కొట్టువాడి గుర్తు."

"మీ గడియారమేదీ?"

"రిపేరు."

అమ్మాయి చెయ్యి చాచింది. నేను మూత దభీమని వేశాను.

"కొత్త కట్టె. ఆరాలి."

"ఎన్నాళ్లు నాన్నా?"

"పై ఏటికి."

మాట విషయంలో అది నా పోలికే. నేను మిల్లునుంచి తెచ్చిన చెక్కముక్క మీద పెన్సిలుతో ఆరు తీగలు గీసుకుని, పెరటి గోడకు ఆనుకుని, వేళ్లు కదుపుతూ కూర్చుంది. చప్పుడు లేని సంగీతం. నేను లేచి ఆ వైపు కిటికీ మూసేశాను. ఆ ముక్క మొదటి రకం. తట్టకుండానే చెప్పగలను.

రోజూ మిల్లుకు పోయే ముందు మూత ఎత్తి, సంతకం ఉందని చూసుకుని, మూసి పోయేవాణ్ణి. మరేమీ చూసేవాణ్ణి కాదు.

ఒకనాడు సాయంత్రం ఇంటికి వచ్చి మంచినీళ్లు తాగుతున్నాను.

"ఆ కొట్టువాడి గుర్తు తుడిచేశానండీ," అంది మా ఆవిడ. "మన వస్తువు మీద వాడి గీతేమిటి?"

నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. "దేంతో?"

"తడిగుడ్డతో. రుద్దితే పోయింది."

పరుగున వెళ్లి మూత ఎత్తాను. గిటారు పొట్ట అప్పుడే గీయించుకున్న గడ్డంలా నున్నగా ఉంది. నేను అక్కడే కూలబడ్డాను.

"అదేమిటండీ అలా అయిపోయారు? కొట్టువాడి గుర్తేగా?"

"ఆ. కొట్టువాడి గుర్తే."

అబద్ధం చెప్పినంత సులువు కాదు, దాన్ని మళ్లీ మింగడం.

చొక్కా జేబులో తేనెసీసా ఇచ్చిన ప్రకటన కాగితం ఉంది. దాని మీద ఆ సంతకం బొమ్మ ఉంది. మర్నాటినుంచి మిల్లులో నా సాధన మొదలైంది. కాగితం చూడటం, పలక మీద గీయడం. మొదటి అక్షరం దగ్గర సుడి తిరగాలి, చివర తోక లేవాలి. నాలుగు దొంతర్ల పలకలు పూర్తయ్యేసరికి తోక లేచింది.

అయితే మా మిల్లులో ఒక పద్ధతుంది. కొన్నవాడు తన గుర్తు వేసిన పలకను మరొకడు ముట్టుకోడు. కొలవనిదే మాట్లాడని మా యజమానిని మేం 'టేపు' అంటాం. ఆ టేపు దొంతర్ల చుట్టూ తిరిగి వచ్చాడు.

"ఎవరిదోయ్ ఈ గుర్తు?"

"తెలియదండీ."

"సగం సరుకు మీద ఉంది! చాలా పెద్ద పార్టీ! వచ్చేదాకా ఎవరూ చెయ్యి వెయ్యకండి."

పార్టీ వస్తే కూర్చోవడానికి కుర్చీ తుడిపించాడు. తలుపు చెక్క కోసం వచ్చిన వడ్రంగిని సరుకు అమ్ముడైపోయిందని తిప్పి పంపాడు. ఆ పార్టీ పోయి పదేళ్లయిందని నేను ఏ నోటితో చెప్పను?

వార్షికోత్సవం నాడు పొద్దున తల్లీకూతుళ్లు రిబ్బన్ల కోసం బజారుకు వెళ్లారు. అమ్మాయి ఎలాగూ మాష్టారి గిటారు మీద వాయిస్తుంది కదా అనుకుని పెట్టె తెరిచాను. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున గీశాను. చెయ్యి దానంతటదే నడిచింది. అంతలో వీధి తలుపు చప్పుడైంది. ఎలా వచ్చిందో చూసుకోకుండానే మూత వేసేశాను.

సాయంత్రం బడి హాల్లో మూడో వరసలో కూర్చున్నాం. వేదిక మీద అతిథి కుర్చీలో మా టేపు. బడికి బల్లలు చేయించి ఇచ్చాడు మరి. తెర పక్కనుంచి మా అమ్మాయి వచ్చింది. చేతిలో నా గిటారు.

నేను సగం లేచాను. "కట్టె..."

"ఆరింది. కూర్చోండి," అంది మా ఆవిడ.

అమ్మాయి వాయించింది. ఒక్కొక్క స్వరం మంచి పలకకు కణుపు తగిలినట్టు విడివిడిగా ఖంగుమంటూ వచ్చింది. హాలంతా ఊపిరి తీయడం మానేసింది. ఈ మోతనా నేను మూత వేసి ఉంచింది?

మా ఆవిడ సంచిలోంచి నా గడియారం తీసి నా చేతికి కట్టింది.

"రిపేరయింది," అంది.

నేను గడియారం వంక, ఆవిడ వంక చూశాను.

"ఒకనాడు మీరు మిల్లుకు పోయాక తట్టి చూశాను. బొదబొదమంది. పొరల చెక్క. తీసుకెళ్లి ఆ కొట్టువాడి మొహాన పెట్టి, గోడకున్న మామూలుదీ, మీ గడియారమూ తెచ్చాను. పెట్టె ఊరికే ఇచ్చాడు. రోజూ మీరు అటు పోగానే అమ్మాయి ఇటు వాయించుకుంటోంది."

"తుడిచేశానన్నావు!"

"మీరు కొట్టువాడి గుర్తన్నారు. వార్నీషు కింద వేసిన అచ్చు తడిగుడ్డకు పోతుందా అని మీరడుగుతారేమో అని చూశాను. పోనీండి, పదేళ్ల కిందట పోయినాయన మొన్న చేసిన గిటారు మీద సంతకం ఎలా పెట్టాడు?"

నేను వేదిక మీది గిటారు వంక చూశాను.

"కట్టెతో కాపురం చేసే మనిషి! కట్టె మారితే తెలియలేదా మీకు?"

అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున నేను చేసిన పని.

చప్పట్లు ఆగాయి. మాష్టారు మురిసిపోతూ గిటారు అందుకుని, మైకు ముందు కళ్లజోడు సర్దుకున్నారు.

"ఇదేమిటి! బొంగురాయన సంతకమే! ఉండండి, కింద ఇంకేదో రాసి ఉంది." వెలుతురుకు తిప్పి, కూడబలుక్కుని చదివారు. "రెం...డో ర...కం."

హాలు పగిలిపోయేలా నవ్వారు. పలక మీద ఏది రాసినా చివర రకం రాయడం నా చేతికి అలవాటు. సంతకం సాధన చేసిందంతా రెండో రకం పలకల మీదే.

టేపు కుర్చీలోంచి లేచి గిటారు చూశాడు. తరవాత మూడో వరస చూశాడు. "ఓహో! పెద్ద పార్టీ!" అన్నాడు.

"ఎవరమ్మా ఇది రాసింది?" అని మాష్టారు అడిగారు.

అమ్మాయి వంగి చూసింది. అందరూ నవ్వుతున్నా అది నవ్వలేదు.

"మా నాన్న చేతిరాత మాష్టారూ. కట్టె సంగతి ఆయనకు బాగా తెలుసు."

ఆ మాటలో వెటకారం ఉన్నా బాగుండేది. లేదు.

ఇంటికి వస్తూ గిటారు నేనే మోశాను. అమ్మాయి కొత్త రిబ్బన్లతో ముందు నడుస్తోంది. వీధి మలుపులో ఆగి, వేలి కణుపుతో దాన్ని మొదటిసారి తట్టాను. ఖంగుమంది. జేబులోంచి మార్కరు తీశాను.

"ఏం చేస్తున్నారు?" అంది మా ఆవిడ.

"తప్పు రాశాను. ఇది మొదటి రకం."

ఆమె మార్కరు లాక్కుని తన సంచిలో వేసుకుంది.

"ఉండనివ్వండి. అది సంతకం కింద ఉంది. సంతకం పెట్టినవారికే చెందుతుంది."